వేదిక మీద జెండా ఎందుకు దింపించామంటే



కిందటి నెల మూడు రోజుల కూటాలకు మన యౌవనస్థులు వేదిక బాగా కట్టారు. కొబ్బరాకు తోరణాలు, అరటి బోదెలు, రంగు బల్బులు, అన్నీ వాళ్ల సొంత డబ్బే. సాయంత్రం మేము వెళ్లి చూసేసరికి వాక్యం రాసిన బ్యానరు పక్కనే నీలి నక్షత్రం ఉన్న ఇజ్రాయెల్ దేశపు జెండా కట్టి ఉంది. కూటం మొదలవకముందే దాన్ని దింపించాము.

ఆ రాత్రి నుంచే మాటలు మొదలయ్యాయి. అయ్యగారు ముస్లింల పక్షం తిరిగిపోయారని ఒకరు అన్నారు. సెమినరీ చదువు విశ్వాసాన్ని తినేసిందని ఇంకొకరు. అబ్రాహాము సంతానాన్ని ఆశీర్వదించనివాడికి ఏం జరుగుతుందో ఆదికాండములో చూసుకోమని గ్రూపులో ఒకరు వాయిస్ మెసేజీ పెట్టారు. మా ముఖం మీద మాత్రం ఎవరూ అడగలేదు. బయటివాళ్లకు సమాధానం అంటే జవాబు, మనకు శాంతి. ఈ రోజు రెండు అర్థాల్లోనూ సమాధానం చెప్పవలసి వచ్చింది.

ముందు మన సంఘంలోని ఇద్దరు తల్లుల సంగతి చెప్పాలి. పేర్లు వద్దు, మీకు తెలుసు. ఒకరి కూతురు ఇజ్రాయెల్‌లో కేర్ గివర్‌గా ఉంది. ఎనభై దాటిన ఒక యూదురాలికి స్నానం చేయించి, మందులు వేసి, రాత్రిళ్లు పక్కన పడుకుంటుంది. రెండో తల్లి కూతురు దోహాలో ఒక పాలస్తీనా వారింట్లో వంట చేస్తుంది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ పన్నెండు రోజులు క్షిపణులు విసురుకున్నప్పుడు మొదటి బిడ్డ ముసలావిడను చక్రాల కుర్చీలో తోసుకుంటూ రాత్రికి రెండుమూడుసార్లు కాంక్రీట్ గదిలోకి వెళ్లింది. ఆ నెల 23న ఇరాన్ కతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసినప్పుడు రెండో బిడ్డ వంటింట్లో నేల మీద కూర్చుని అమ్మకు ఫోను చేసింది. ఆ వారం ఇద్దరు తల్లులూ మన ప్రార్థన గదిలో ఒకే చాప మీద కూర్చుని ఏడ్చారు.

దోహా బిడ్డ ఒక మాట చెప్పింది. ఆ ఇంటి యజమానురాలికి గాజాలో అక్క ఉందట. పొద్దున్నే లేవగానే ఆవిడ చేసే మొదటి పని వాట్సాప్ తెరిచి ఆ అక్క చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్‌లోకి వచ్చిందో చూడడమట. ఇక్కడ మొదటి తల్లి కూడా అదే చేస్తుంది. కూతురి పేరు కింద గంట, నిమిషం చూసుకున్నాకే పొయ్యి వెలిగిస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఇద్దరు తల్లులూ కూర్చునే కూటంలో ఆ జెండా కట్టి మనం ఎవరిని ఆదరించినట్టు?

ఇక వాక్యం దగ్గరికి వద్దాం. మన తెలుగు బైబిలులో ఇశ్రాయేలు అని ఉంటుంది. పేపర్లో ఇజ్రాయెల్ అని రాస్తారు. పత్రికలవాళ్లు తెలియకుండానే మనకొక మేలు చేశారని మాకు అనిపిస్తుంది. యాకోబుకు దేవుడు పెట్టిన పేరు ఒకటి, 1948లో ఏర్పడిన దేశం పేరు ఒకటి. యూదు ప్రజల మీద పౌలు గారికి ఉన్న వేదన రోమా పత్రిక తొమ్మిది నుంచి పదకొండు అధ్యాయాల్లో చదివితే మన కళ్లు కూడా చెమర్చాలి. కానీ ఒక ప్రజను ప్రేమించడం వేరు, ఒక ప్రభుత్వం వేసే ప్రతి బాంబుకూ ఆమేన్ చెప్పడం వేరు. ఆ దేశపు పౌరులే, తమ ప్రభుత్వం యుద్ధం ఆపి బందీలను విడిపించాలని టెల్ అవీవ్ వీధుల్లో శనివారం శనివారం వేలమంది నిలబడ్డారు. మన వాట్సాప్ గ్రూపులో వారికన్నా గొప్ప ఇజ్రాయెలీయులు ఉన్నారు!

అలాగే పాలస్తీనీయులంటే గొల్యాతు సంతతి, ఫిలిష్తీయులు అని మనలో గట్టిగా నమ్మేవారు ఉన్నారు. ఆ ఫిలిష్తీయులు క్రీస్తుకు ముందే చరిత్రలో కలిసిపోయారు. రోమా వారు యూదుల తిరుగుబాటును అణచివేశాక క్రీస్తు శకం 135 ప్రాంతంలో ఆ దేశానికి పాలస్తీనా అని పేరు పెట్టారు. పేరు మిగిలింది, ఆ జాతి మిగలలేదు. ఇప్పుడు అక్కడున్నవారు అరబీ మాట్లాడే ప్రజలు, వారిలో క్రైస్తవులూ ఉన్నారు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో కూడినవారి జాబితాలో అరబీయులు కూడా ఉన్నారు, అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం మళ్లీ చూడండి.

యూదులంటే మనకు అంత ప్రేమ గదా. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అని తెలుగు మాట్లాడే కుటుంబాలు సబ్బాతు ఆచరిస్తూ, తమ చిన్న ప్రార్థనాలయంలో హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటూ బతుకుతున్నాయి. మన పేటల్లాంటి పేటలోనే పుట్టి, ఒకప్పుడు మనలాగే చర్చిలో పెరిగిన కుటుంబాలు. అల్లవరం నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాం. ఈ పదేళ్లలో ఎవరైనా వెళ్లి పలకరించామా? మేమూ వెళ్లలేదు. దూరంలో ఉన్న జెండాను ప్రేమించడం సుళువు.

ఈ ఆలోచన మనకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ గారి వెంట మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశాయి. వారి రుణం మనం తీర్చుకోలేము. అయితే వారి బ్రెదరిన్ సహవాసంలోనే డార్బీ గారు అంత్యదినాల గురించి ఒక పద్ధతిగా బోధించడం మొదలుపెట్టారు. తరువాత 1909లో అమెరికాలో స్కోఫీల్డ్ గారి బైబిలు అచ్చయినప్పుడు ఆ బోధ వచనాల కింద వివరణలుగా చేరింది. అక్కడి నుంచి అది మన కూటాల్లో గుడ్డ మీద రంగులతో గీసిన చార్టు అయింది. సంఘం ఎత్తబడడం, ఏడేళ్ల శ్రమ, క్రీస్తు విరోధి, హర్మగిద్దోను. మేము చిన్నప్పుడు ఆ చార్టు ముందు కూర్చుని రాత్రి నిద్రపోలేకపోయేవాళ్లం. 1993లో వాషింగ్టన్‌లో రబీన్, అరాఫత్ చేతులు కలిపినప్పుడు ఒక దైవజనుడు మా ఊరి కూటంలో వేళ్లు ముడిచి ఏడేళ్లు లెక్కపెట్టి, 2000 నాటికి అంతా ముగుస్తుందని చెప్పారు. మా నాన్నగారు ఆ ఏడు ఇంటి పైకప్పు బాగుచేయించడం మానేశారు. వాన నీళ్లకు గిన్నెలు పెట్టుకుంటూ మేము 2001 కూడా చూశాము.

ఇక్కడే మా అసలు ఫిర్యాదు. ఆ చార్టు ప్రకారం సంధి చేసేవాడు క్రీస్తు విరోధి. అందువల్ల ఎక్కడ ఎవరు సంధి మాట ఎత్తినా మనకు అనుమానం. యుద్ధం వస్తే మాత్రం ప్రవచనం నెరవేరుతోందని ఉత్సాహం. 122వ కీర్తన ప్రకారం యెరూషలేము క్షేమం కోసం ప్రార్థిస్తున్నామని నోటితో అంటాము, లోపల మాత్రం ఆ క్షేమం రాకూడదని కోరుకుంటాము, వస్తే మన చార్టు తప్పిపోతుంది గనుక. ప్రభువు అదే పట్టణాన్ని చూసి ఏడ్చారని లూకా 19లో ఉంది. తనకు సమాధానం తెచ్చేవి ఏవో ఆ పట్టణానికి తెలియలేదనే ఆయన ఏడ్చారు. ఆయన ఏడ్చిన చోట మనం చప్పట్లు కొడుతున్నాము.

ప్రవచనమే కావాలంటే అంతా చదువుదాం. యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకలు, 38లో గోగు గురించి మన ప్రాంతంలో వినని వారు లేరు. 47వ అధ్యాయం చివర దేశాన్ని పంచుకునేటప్పుడు వారి మధ్య నివసిస్తూ బిడ్డలను కన్న పరదేశులకు కూడా స్వదేశీయులతో సమానంగా వంతు ఇవ్వాలని దేవుడు చెప్పిన మాట ఉంది. దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నారు? ఇరవై ఏళ్ల సేవలో మేము కూడా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇది మా తప్పు.

మీలో కొందరు యెరూషలేము యాత్రకు వెళ్లొచ్చారు. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ యాత్రకు సాయం ఇస్తూ వచ్చింది, 2019లో ఆదాయం తక్కువ ఉన్నవారికి 60,000 రూపాయలకు పెంచింది. వెళ్లినవారు యొర్దాను నీళ్ల సీసా, ఒలీవ కర్ర సిలువ తెచ్చి మాకూ ఒకటి ఇచ్చారు. అది మా బల్ల మీదే ఉంది. బేత్లెహేములో ఆ ఒలీవ కర్ర పని తరతరాలుగా చేస్తున్నది పాలస్తీనా క్రైస్తవ కుటుంబాలు. మీ ఇంటి గోడకు వేలాడుతున్న సిలువను చెక్కిన సహోదరుడు కాంక్రీటు గోడ అవతల ఉంటాడు, యెరూషలేముకు రావాలంటే అనుమతి కాగితం కావాలి. మీ టూరు బస్సు ఆ గోడ దాటి లోపలికి వెళ్లి, క్రీస్తు పుట్టిన చోటు చూపించి, దుకాణం దగ్గర ఆపి, మళ్లీ బయటికి వచ్చింది. దుకాణంలో నిలబడ్డ మనిషి మన ప్రభువును నమ్మినవాడని మీకు గైడు చెప్పాడా?

గాజాలో అల్ అహ్లీ అనే ఆసుపత్రి ఉంది. 1882లో చర్చి మిషనరీ సొసైటీ వారు పెట్టినది. అదే సొసైటీ 1841లో నోబుల్, ఫాక్స్ గార్లను మచిలీపట్నం పంపింది, నోబుల్ కాలేజీ వారి చెట్టుకు కాసిన కాయే. అంటే ఆ ఆసుపత్రీ మన తెలుగు సంఘమూ ఒక తల్లి బిడ్డలు. 2023 అక్టోబరు 17న ఆ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగింది. ఎవరి పని అన్నదానిపై ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చనిపోయినవారిలో చాలామంది ప్రాణం దక్కుతుందని అక్కడికి వచ్చి తలదాచుకున్నవారు. 2025 ఏప్రిల్ 13న ఇజ్రాయెల్ క్షిపణులు ఆ ఆసుపత్రి భవనాన్నే కొట్టాయి. హమాస్ వాళ్లు అక్కడి నుంచి పని చేస్తున్నారని సైన్యం చెప్పింది. ఆ తేదీ మీకు గుర్తుందా? మట్టల ఆదివారం. మన పిల్లలు కొబ్బరి మట్టలు ఊపుకుంటూ వీధిలో హోసన్నా పాడిన రోజు. ఆ సాయంత్రం మన గ్రూపులో వచ్చిన ఫోటోలన్నీ మన ఊరేగింపువే.

అటువైపు సంగతి మేము దాచడం లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ వాళ్లు సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయారు. పొలాల్లో పనిచేసే థాయిలాండు కూలీలను కూడా వదల్లేదు. 2021 మేలో అష్కెలోనులో గాజా నుంచి వచ్చిన రాకెట్టుకు బలైన సహోదరి మన కేరళ నుంచి వెళ్లిన కేర్ గివర్. మన బిడ్డ చేస్తున్న పనే ఆమె కూడా చేసింది. దీన్ని పోరాటం అని మెచ్చుకునేవారికి కూడా మా దగ్గర వేరే మాట లేదు, అది హత్య. ఆ తరువాత రెండేళ్లలో గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 67,000 మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలు వేలల్లో ఉన్నారు. మొదటి లెక్క చెప్పి రెండోది మింగేసేవారు, రెండోది చెప్పి మొదటిది మింగేసేవారు, ఇద్దరూ మన మధ్య ఉన్నారు. ఆమోసు ప్రవక్త మొదట చుట్టుపక్కల జనాల పాపాలు ఒక్కొక్కటే చెప్పాడు. వింటున్నవారు తలలూపి ఉంటారు. చివరికి వేలు తన సొంత జనం వైపే తిప్పాడు.

ఇక సమాధానం వస్తుందా రాదా? 2025 అక్టోబరులో కాల్పుల విరమణ అయింది, బతికున్న బందీలందరూ ఇళ్లకు చేరారు. ఆ తరువాత కూడా గాజాలో చావులు ఆగలేదు. కనుక తొందరపడి సంతోషించలేము. కానీ అసాధ్యం అనేవారు కొంత చరిత్ర చూడాలి. నాలుగు యుద్ధాలు చేసుకున్న ఈజిప్టు, ఇజ్రాయెల్ 1979లో ఒప్పందం చేసుకున్నాయి, అది ఇప్పటికీ నిలిచింది. 1994 నాటి జోర్డాను ఒప్పందం కూడా అంతే. మరి ఆ ఒప్పందాలకు పూనుకున్నవారిని ఎవరు చంపారు? 1981లో సాదాతును చంపింది ఆయన దేశపు సైనికులే, అల్లా పేరు చెప్పుకునేవారు. 1995లో రబీన్‌ను శాంతి సభ ముగించి మెట్లు దిగుతుండగా కాల్చింది ఒక యూదు యువకుడు, ధర్మశాస్త్రం చదువుకున్నవాడు. వారి వారి పక్షాల భక్తులే ఆ పని చేశారు. ఇది చదివాక మాకు మన స్టేటస్‌లు చూసి భయం వేస్తోంది.

హెబ్రోనులో మక్పేలా గుహ ఉంది. అబ్రాహాము చనిపోతే ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి తండ్రిని అక్కడ సమాధి చేశారని ఆదికాండము 25లో ఉంది. ఇంట్లోంచి గెంటేయబడిన కొడుకు తిరిగొచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. అదే హెబ్రోనులో 1929లో 67 మంది యూదులను అరబ్బు గుంపు చంపింది. ఆ రోజు తమ ఇళ్లలో యూదులను దాచి కాపాడిన అరబ్బు కుటుంబాలు కూడా ఉన్నాయి. 1994లో అదే గుహ మీది మసీదులో ప్రార్థనలో వంగి ఉన్న 29 మంది ముస్లింలను ఒక యూదుడు కాల్చి చంపాడు. తండ్రి సమాధి దగ్గరే.

అయినా ఆ అన్నదమ్ముల పని చేస్తున్నవారు ఇప్పుడు కూడా ఉన్నారు. రామి ఎల్హనాన్ అనే ఇజ్రాయెలీయుని కూతురు స్మదర్, పద్నాలుగేళ్లు నిండబోతుండగా, 1997లో యెరూషలేము వీధిలో ఆత్మాహుతి బాంబుకు చనిపోయింది. బస్సాం అరమీన్ అనే పాలస్తీనీయుని కూతురు అబీర్, పదేళ్ల పిల్ల, 2007లో బడి దగ్గర ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసు కాల్చిన రబ్బరు తూటాకు చనిపోయింది. ఆ ఇద్దరు తండ్రులూ ఇప్పుడు ఒకరినొకరు అన్నదమ్ములని పిలుచుకుంటూ ఊరూరా కలిసి మాట్లాడుతున్నారు. 1995లో మొదలైన బాధిత కుటుంబాల వేదికలో 600కు పైగా కుటుంబాలు ఉన్నాయి, రెండు వైపులా తమ దగ్గరివారిని పోగొట్టుకున్నవే. వారిలో ఎక్కువమంది క్రీస్తును ఎరుగనివారు. కొండమీది ప్రసంగం వారు చేస్తున్నారు, మనం కంఠస్థం చేస్తున్నాము.

దూరపు మాటలు చాలు, అమలాపురం సంగతికి వద్దాం. 2022 మే 24. జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టడం మీద జరిగిన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబడ్డాయి. తరువాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు, సిగ్నల్ కోసం జనం జిల్లా దాటి వెళ్లారు. మన పేట కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా వంతెన దగ్గర కాపలా కాశారు. ఆ పేరు న్యాయమైనదే అని మేము అప్పుడూ నమ్మాము, ఇప్పుడూ నమ్ముతున్నాము. ఆ ఆదివారం మేము నిర్గమకాండము తీసి, మన వారిని ఇశ్రాయేలుగా, అవతలివారిని ఫరో సైన్యంగా నిలబెట్టి, సముద్రం వారి మీద మూతపడేదాకా ప్రసంగించాము. ఇంత మంచి ప్రసంగం ఎప్పుడూ వినలేదని మీరే అన్నారు. మాకూ లోపల సంతోషమైంది.

ఒక పెద్దాయన ఉండేవారు. అవతలి వీధి, వేరే కులం. బాప్తిస్మం తీసుకోలేదు. ఆదివారం ఆదివారం చర్చి గోడ బయట సైకిలు ఆపి, స్టాండు వేసి, వాక్యం అయ్యేదాకా విని వెళ్లేవారు. ఆ ప్రసంగం కూడా మైకులో విన్నారు. ఇళ్లు తగలబెట్టిన వారితో ఆయనకు సంబంధం లేదు. మరుసటి ఆదివారం ఆ సైకిలు రాలేదు. మూడు వారాలు చూసి మేమే వెళ్లాము. మంచం వాల్చారు, బొండం కొట్టించి ఇచ్చారు, వరి ధర గురించి మాట్లాడారు. చర్చి మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేకపోయాము. తరువాత కూడా వెళ్తూనే ఉన్నాము. పోయిన ఏడు ఆయన కన్నుమూశారు. ఆ గోడ దగ్గరకు మళ్లీ రాలేదు.

ఎవరినైనా ఫరో అనడానికి ఒక్క ఆదివారం చాలింది మాకు. ఆ జెండా వేదిక మీద చూసినప్పుడు మాకు కనిపించింది ఆ సైకిలే. కూటానికి వచ్చే జనంలో బోడసకుర్రు నుంచి, బెండమూర్లంక నుంచి ముస్లిం స్నేహితులు కూడా రోడ్డు మీద నిలబడి వింటారని మన కుర్రాళ్లకు తెలుసు.

తమ్ముళ్లూ, మీ మీద మాకు కోపం లేదు. చార్టు మీ తరానికి అందించింది మేమే. కానీ ఇకమీదట మన సంఘంలో రెండు మార్పులు ఉంటాయి. వేదిక మీద ఏ పరదేశపు జెండా ఉండదు. యెరూషలేము కోసం చేసే ప్రార్థనలో గాజా పేరు, బేత్లెహేము పేరు, టెల్ అవీవ్ పేరు కూడా పలుకుతాము. ఎవరైనా అభ్యంతరం చెప్పాలనుకుంటే ఇంటికి రండి, బైబిలు తెచ్చుకోండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. గ్రూపులో వాయిస్ మెసేజీలు మాత్రం వద్దు.

వచ్చే శనివారం రాత్రి ఉపవాస కూటంలో ఆ ఇద్దరు తల్లులూ ఉంటారు. ఇద్దరు కూతుళ్లతోనూ వీడియో కాల్ పెట్టి స్పీకరులో ప్రార్థన చేయిస్తాము. టెల్ అవీవ్ మనకన్నా కొన్ని గంటలు వెనుక, దోహా రెండున్నర గంటలు వెనుక, కాబట్టి కూటం తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. ముసలావిడ అప్పటికి నిద్రపోదట, ఆమె కూడా కూర్చుంటానన్నదని ఆ చెల్లెమ్మ చెప్పింది. దోహా యజమానురాలు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

జెండా కట్టిన తమ్ముళ్లు ముందుగా వచ్చి చాపలు వేయాలని మనవి. సౌండ్ బాక్సు కూడా చూసుకోండి, కిందటిసారి గరగరలాడింది.